పాత లారీకి ఏ ఇంజను? పెట్రోలు నుంచి డీసెలు దాకా

హైదరాబాదునుంచి వాడీ వైపు వెళ్లే రైలుమార్గంలో తాండూరు దాటిన తరువాత వచ్చే చిన్న ఊరు బషీరాబాదు. ఈ రైలుమార్గం 1874లో ప్రారంభమయినది. దాని కిరుప్రక్కల నేల అడుగున పలకలు పలకలుగా విడివడే సున్నపురాయి విస్తారంగా ఉన్నది. భూవిజ్ఞానులు వీటిని భీమా వర్గపు శిలలంటారు. మన ఇండ్లలో నేలకు పరచుకొనే తాండూరు బండలు, షాబాదు బండలు ఈ శిలలనుంచి తీసినవే. బండ అనేది వింత సరుకు. గనిదగ్గర దాని వెల స్వల్పం, బరువు మాత్రం చాల ఎక్కువ. దూరం పెరిగినకొద్దీ కిరాయి పెరిగి, ఒక దశలో బండ వెలనే మించిపోగలదు. కనుక బండలను మోసే లారీ ఎంత నూనె తాగుతుందన్నది ఇక్కడ వ్యాపారి లాభనష్టాలను, ఒక్కొక్కప్పుడు లారీ యజమాని కుటుంబ జీవనాన్ని నిర్ణయించే ప్రశ్న.

ఆ ప్రశ్న అత్యంత తీవ్రంగా ఎదురయ్యేది లారీ పాతబడినప్పుడు. చట్రం గట్టిగానే ఉంటుంది. ఇరుసులు, చక్రాలు, తొట్టి బాగానే ఉంటాయి. ఇంజను మాత్రం అరిగిపోతుంది. క్రొత్త లారీ కొనడానికి పెట్టుబడి లేదు. పాత చట్రంలో మరొక ఇంజను కూర్చోబెట్టాలి. ఏ ఇంజను? ఉన్నటువంటి పెట్రోలు ఇంజనే మరొకటా, లేక డీసెలా? రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాతి పదిహేనేండ్లలో మన దేశంలో లారీ నడిపిన ప్రతివారికీ ఈ ప్రశ్న తప్పలేదు. అది ఎట్లా వచ్చినదో, దానికి సమాధానం ఏ లెక్కలమీద ఆధారపడినదో చూద్దాం.

హైదరాబాదు సంస్థానంలో మోటారు రవాణా చరిత్ర రైలుతో ముడిపడి ఉన్నది. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే తనకు అనుబంధంగా రోడ్డు రవాణా శాఖను నెలకొల్పి, 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో పని ప్రారంభించినది. ఆ బస్సులు స్కాట్లండులోని ఆల్బియన్ కంపెనీవి. రైలు, రోడ్డు ఒకే యాజమాన్యం క్రింద ఉండటం ఆనాడు పలు దేశాలలో లేని ఏర్పాటు. కాని ఆనాటి తేలిక బస్సులలో, లారీలలో పెట్రోలు ఇంజనులదే రాజ్యం. డీసెలు ఇంజను అప్పటికి ముప్పదియైదేండ్ల క్రితమే పుట్టినప్పటికీ, రోడ్డుమీదికి వచ్చి ఎంతో కాలం కాలేదు.

ఈ ఆలస్యానికి కారణం ఆసక్తికరమైనది. రుడాల్ఫ్ డీసెల్ తన ఇంజనును 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గులో నడిపి చూపించాడు. అది మూడు మీటర్ల ఎత్తుగల యంత్రం. శక్తి సుమారు 20 అశ్వశక్తులు. మోరిట్జ్ ష్రోటర్ అనే ఆచార్యుడు దానిని పరీక్షించి, ఇంధనంలోని ఉష్ణశక్తిలో 26 శాతం పనిగా మారుతున్నదని తేల్చాడు. ఆనాటి ఆవిరి యంత్రాలు పదిశాతం దగ్గరే తారాడుతుండేవి. అంతటి ఘనవిజయం అయికూడా ఆ ఇంజను ఓడలకు, కర్మాగారాలకే పరిమితమయినది. ఎందుకంటే నూనెను సిలిండరులోకి చిమ్మడానికి డీసెల్ వాడినది అధిక పీడనం గల గాలి. ఆ గాలినివ్వడానికి ఇంజను ప్రక్కన మరొక పెద్ద కంప్రెసరు కావాలి. అంత బరువును లారీమీద ఎక్కించిన తరువాత సరుకుకు చోటేదీ?

ఈ చిక్కు విడిపోయినది 1920ల తరువాతి భాగంలో. గాలి సహాయం లేకుండ, సన్నని గొట్టాలద్వారా కొద్దిపాటి నూనెను సరిగా కొలిచి, గొప్ప పీడనంతో చిమ్మగల పంపును రాబర్ట్ బోష్ కంపెనీ 1927లో పెద్దయెత్తున తయారు చేయనారంభించినది. సిలిండరులో ఒక్కొక్క మారు చిమ్మవలసిన నూనె కొన్ని చుక్కలే. దానిని నిమిషానికి వేయిసార్లు, ప్రతిసారీ ఒకే కొలతతో, ఒకే ముహూర్తానికి చిమ్మాలి. గడియారం చేసేవాని నైపుణ్యం ఇందుకు అవసరమయినది. డీసెలు ఇంజను చరిత్రలో ఇంజనుకంటె ఈ పంపుకే ఎక్కువ స్థానం ఇవ్వాలని నా అభిప్రాయం.

ఇంజను మార్పిడిద్వారా డీసెలు గొప్పతనాన్ని చాటిన మొదటి ఘట్టం అమెరికాలో జరిగినది. క్లెస్సీ కమిన్స్ అనే ఇంజను నిర్మాత, పడవలకు వాడే తన డీసెలు ఇంజనును ఒక పాత ప్యాకార్డు కారులో ఇమిడ్చి, 1930 జనవరిలో ఇండియానాపోలిసునుంచి న్యూయార్కుకు నడిపాడు. 792 మైళ్ల ప్రయాణానికి అయిన నూనె ఖర్చు ఒక డాలరు 38 సెంట్లు. ఇంజను కారుకోసం చేసినది కాదు. కారు ఆ ఇంజనుకోసం చేసినది కాదు. అయినా రెండూ కలిసి నడిచాయి. కమిన్స్ ఉద్దేశం కూడా అదే చూపించడం.

ఇక మన దేశానికి వద్దాం. యుద్ధకాలంలో పెట్రోలుకు రేషను వచ్చినది. ఆ రోజులలో బస్సుల వెనుక పీపావంటి పొయ్యి ఒకటి అమర్చి, అందులో కట్టెబొగ్గును చాలీచాలని గాలిలో కాల్చి, వచ్చిన వాయువుతో ఇంజను నడిపేవారు. ఆ వాయువులో మండేది ముఖ్యంగా కార్బన్ మోనాక్సైడు. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఉన్నది కనుక వాయువైనా సరే అంటుకొనేది. ఇంజను శక్తి మూడోవంతుకు పైగా తగ్గేది. ఎత్తు వచ్చిన చోట ప్రయాణికులు దిగవలసి వచ్చేది. అయినా బండి కదిలేది. డీసెలు ఇంజనుకు ఈ వెసులుబాటు లేదు. అందులో నిప్పురవ్వ లేదు. వట్టి బొగ్గువాయువు దానిలో తనంతట అంటుకోదు. పెట్రోలు ఇంజను పక్షాన చెప్పదగిన వాదాలలో ఇది ఒకటి. కరువు రోజులలో ఏది దొరికితే దానితో నడిచే గుణం దానికున్నది.

యుద్ధం ముగియగానే అమెరికా, కెనడా సైన్యపు లారీలు వేలకొలది మన దేశంలో వేలానికి వచ్చాయి. జి.ఎం.సి., షెవ్రొలే, ఫోర్డు, డాడ్జి వంటివి. ఒక్క జి.ఎం.సి. వారి రెండున్నర టన్నుల సైనిక లారీలే యుద్ధకాలంలో ఐదులక్షల అరవై వేలకు పైగా తయారయ్యాయి. ఇవన్నీ పెట్రోలు బండ్లు. సైన్యానికి ఖర్చుతో పని లేదు; లారీకి, జీపుకు ఒకే ఇంధనం ఉంటే సరఫరా సులభం. కాని సైన్యం వదిలిన లారీని చవకగా కొన్నవాడు దానికి పెట్రోలును మార్కెట్టు ధరకు కొనాలి. చట్రం చవక, దాణా ప్రియం. పట్టపుటేనుగును పేదవాడు కొనుక్కొన్నట్లయినది.

సరిగా ఇటువంటి పరిస్థితికి పనికివచ్చే ఇంజను ఇంగ్లండులో సిద్ధంగా ఉన్నది. ఫ్రాంక్ పెర్కిన్స్ అనే ఆయన పీటర్‌బరోలో 1932లో ఒక చిన్న కంపెనీ స్థాపించాడు. ఆయన ఆలోచన సూటియైనది. పెట్రోలు ఇంజను తీసివేస్తే మిగిలే ఖాళీలోనే ఇమిడేటంత చిన్నదిగా, వేగంగా తిరిగే డీసెలు ఇంజను చేయాలి. 1937లో వెలువడిన పెర్కిన్స్ పి-6 ఈ ఆలోచనకు పరిపూర్ణ రూపం. ఆరు సిలిండర్లు, 4.73 లీటర్ల ఘనపరిమాణం, నిమిషానికి 2400 చుట్ల దగ్గర 83 అశ్వశక్తులు. జి.ఎం.సి. లారీలోని పెట్రోలు ఇంజను 4.4 లీటర్లది; శక్తి తొంబదికి కొంచెం పైన. రెండూ ఒకే జాతి ఎద్దులన్నమాట. 1950లలో మద్రాసులోని సింప్సన్ కంపెనీ ఈ పి-6 ఇంజనులను మన దేశంలోనే తయారు చేయసాగినది. బొంబాయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారి లారీలలో కూడా పెర్కిన్స్ ఇంజనులు వచ్చాయి. 1954లో టాటావారు మెర్సిడెస్ బెంజ్ సహకారంతో జంషెడ్‌పూరులో, 1955 తరువాత అశోక్ లేలండు మద్రాసులో డీసెలు లారీలు చేయనారంభించారు. పాత బండికి డీసెలు ఇంజను వేయించుకోవాలనుకొన్నవానికి విడిభాగాలు, మేస్త్రీలు దక్షిణ దేశంలోనే దొరికే రోజులు వచ్చాయి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. డీసెలు ఎందుకు తక్కువ తాగుతుంది?

సైకిలు పంపు చివర వేలితో మూసి గట్టిగా నొక్కితే పంపు వేడెక్కుతుంది. గాలిని అదిమితే దాని ఉష్ణోగ్రత పెరుగుతుందన్నమాట. ఆనాటి పెట్రోలు లారీలలో పిస్టను గాలిని సుమారు ఆరోవంతుకు అదిమేది. లెక్కప్రకారం 27 డిగ్రీల సెంటీగ్రేడులో ఉన్న గాలి అప్పుడు దాదాపు 340 డిగ్రీలకు చేరుతుంది. ఇంకా ఎక్కువ అదుముదామంటే, గాలితోపాటు ముందే కలిసియున్న పెట్రోలు ఆవిరి వేళకాని వేళ మండి ఇంజను టకటక కొట్టుకొంటుంది. డీసెలు ఇంజను వట్టి గాలినే అదుముతుంది కనుక ఈ భయం లేదు. పదహారోవంతుకు అదిమితే లెక్కలో 630 డిగ్రీలు దాటుతుంది. సిలిండరు గోడలకు పోయే వేడిని తీసివేసినా, చిమ్మిన నూనె దానంతటదే అంటుకోవడానికి ఇది చాలును. ఎంత ఎక్కువగా అదిమితే, మండిన తరువాత వాయువు అంత ఎక్కువగా వ్యాకోచించి, తన వేడిలో అంత ఎక్కువ భాగాన్ని పనిగా అప్పగిస్తుంది. దీనికితోడు లీటరు డీసెలులో సుమారు 36 మెగాజౌళ్ల శక్తి ఉంటే, లీటరు పెట్రోలులో 32 మాత్రమే.

ఇది పాఠ్యగ్రంథాలలో అందరూ చదివేదే. బండల లారీకి సంబంధించినంతవరకు ఇంతకంటె ముఖ్యమైన భేదం మరొకటి ఉన్నది. పెట్రోలు ఇంజనులో శక్తి తగ్గించాలంటే గాలి వచ్చే దారిని ఒక చిన్న తలుపుతో మూయాలి. అప్పుడు ఇంజను మూసిన ముక్కుతో ఊపిరి పీల్చే మనిషివలె గాలికోసమే కొంత శ్రమ పడుతుంది. ఆ శ్రమకూ పెట్రోలు కావాలి. డీసెలులో ఈ తలుపు అవసరం లేదు. గాలి ఎప్పుడూ నిండుగా వస్తుంది, నూనెను మాత్రమే తగ్గిస్తారు. అంటే పూర్తి బరువుతో ఎక్కేటప్పటికంటె, తేలికగా నడిచేటప్పుడే డీసెలుకు పెట్రోలుమీద ఆధిక్యం మరింత ఎక్కువ. బండలతో హైదరాబాదు వెళ్లిన లారీ చాలసార్లు ఖాళీగా తిరిగివస్తుంది. లోకం బరువెక్కినప్పుడే డీసెలు గొప్పదనుకొంటుంది. ఖాళీ తిరుగుప్రయాణంలో అది ఆదా చేసే నూనెను ఎవరూ తలవరు.

బరువెక్కే సంగతిని కూడా లెక్కకట్టి చూద్దాం. తాండూరు సముద్రమట్టానికి సుమారు 450 మీటర్ల ఎత్తున ఉన్నది. వికారాబాదు సుమారు 640 మీటర్లు. హైదరాబాదు వైపు పోయే బండి అనంతగిరి గుట్టలెక్కాలి, అదికూడా సరుకుతో. చట్రం, సరుకు కలిసి ఏడు టన్నుల లారీని 190 మీటర్లు పైకెత్తడానికి కావలసిన పని ఒక కోటి ముప్పై లక్షల జౌళ్లు, అనగా 13 మెగాజౌళ్లు. ఆనాటి పెట్రోలు ఇంజను తన ఇంధనంలో 20 శాతాన్ని, డీసెలు 30 శాతాన్ని పనిగా మారుస్తాయని అనుకొంటే, ఈ ఎత్తుకోసమే పెట్రోలు రెండు లీటర్లు, డీసెలు ఒకటింబావు లీటరు కావాలి. గాలి నిరోధం, చక్రాల రాపిడి వేరే. ఎత్తు ఖర్చు మనమనుకొన్నంత పెద్దది కాదని దీనివల్ల తెలుస్తున్నది. ప్రయాణం మొత్తంలో ఖర్చయ్యే నూనెలో ఇది కొద్దిభాగమే. గుట్టమీద డీసెలు అసలు లాభం నూనెలో కాక, తక్కువ వేగంలో కూడా సడలని తిప్పుడు బలంలో ఉన్నది; డ్రైవరు మాటిమాటికీ గేరు మార్చవలసిన పని తగ్గుతుంది.

పై అంకెలనుబట్టి ఒక లీటరు డీసెలు చేసే పని లీటరు పెట్రోలు చేసే పనికి దాదాపు 1.7 రెట్లు. పెట్రోలు లారీ లీటరుకు రెండున్నర కిలోమీటర్లు నడిస్తే, డీసెలుతో నాలుగు దాటుతుంది. బషీరాబాదునుంచి హైదరాబాదుకు సుమారు 130 కిలోమీటర్లు, రానుపోను 260. పెట్రోలు 104 లీటర్లు, డీసెలు 62 లీటర్లు. నెలకు పన్నెండు ప్రయాణాలు చేసే లారీకి సంవత్సరంలో ఆరువేల లీటర్లు మిగులుతాయి. పైగా మన ప్రభుత్వాలు దశాబ్దాలపాటు డీసెలుపై పన్ను తక్కువగా ఉంచడంవల్ల లీటరు ధరలో తేడా అదనపు లాభం. ఇంజను మార్పిడికి తెచ్చిన అప్పు ఇటువంటివానికి తీరిపోతుంది.

మరి గనినుంచి రైల్వే స్టేషనుదాక మాత్రమే బండలు మోసే లారీ సంగతి? అది రోజుకు ఇరవై కిలోమీటర్లు తిరిగితే, ఏడాదికి మూడువందల పనిదినాలలో ఆరువేల కిలోమీటర్లు. మిగిలేది వేయి లీటర్లకు లోపు. మార్పిడి ఖర్చు ఇద్దరికీ ఒకటే. లాభం ఒకరికి ఆరింతలు. రెండవవాడు తన పాత పెట్రోలు ఇంజనును తిరిగి బోరు చేయించి, క్రొత్త పిస్టన్లు వేయించుకొంటే నష్టపోడు. ప్రక్క ఊరివాడు డీసెలు వేయించి బాగుపడ్డాడని తానూ వేయించుకొని అప్పులపాలు కావడం ఇటువంటి లెక్క వేయకపోవడంవల్ల జరిగేది. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందన్నది మొదట అడగవలసిన ప్రశ్న. ఏ ఇంజను గొప్పది అన్న వాదం ఆ తరువాత.

లెక్కకు అందని చిక్కులు చట్రంలో ఉన్నాయి. కెనడా ఫోర్డు లారీలోని ఎనిమిది సిలిండర్ల పెట్రోలు ఇంజను నిమిషానికి 3600 చుట్ల దగ్గర పూర్తి శక్తి నిస్తుంది. పి-6కు 2400 చుట్లే హద్దు. వెనుక ఇరుసులోని పండ్లచక్రాలు మార్చకుండ డీసెలు అమరిస్తే, గంటకు 72 కిలోమీటర్లు పోయే బండి 48 దగ్గరే ఆగిపోతుంది. ఆరు వోల్టుల బ్యాటరీ అంతగా అదిమిన గాలికి ఎదురు తిప్పలేదు. 12 లేక 24 వోల్టులవి కావాలి. ఇంజను బరువు ఎక్కువ గనుక ముందు కమ్మీకట్టలు బలపరచాలి. డీసెలు దెబ్బ మొరటుది గనుక క్లచ్చి, గేరుబాక్సు ఓర్చుకోవాలి. నూనెలోని సన్నని దుమ్ము కూడా పంపును తినివేస్తుంది. రాతిపొడి ఎగిరే గని ప్రాంతంలో ఫిల్టర్ల విషయంలో అశ్రద్ధ పనికిరాదు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది బ్రేకు. జి.ఎం.సి. వంటి సైనిక లారీలలో డ్రైవరు కాలిబలానికి తోడుగా శూన్యపీడనంతో పనిచేసే ఒక సాధనం ఉన్నది. ఆ శూన్యం ఎక్కడినుంచి వస్తుంది? పైన చెప్పిన గాలితలుపు మూసుకొన్నప్పుడు ఇంజను పీల్పువల్ల. డీసెలులో తలుపు లేదు. కనుక శూన్యమూ లేదు. ఇంజను మార్చి, శూన్యంకోసం వేరే పంపు అమర్చకపోతే, బండి మామూలుగానే నడుస్తుంది, చదునులో మామూలుగానే ఆగుతుంది కూడా. అనంతగిరి దిగుడులో బరువుతో ఉన్నప్పుడు మాత్రం బ్రేకు రాయివలె బిగుసుకొని, ఎంత తొక్కినా బండి నిలవదు. పెట్రోలు ఇంజను మూసిన తలుపువల్ల దిగుడులో బండిని కొంత పట్టి ఉంచేది. డీసెలులో ఆ పట్టు కూడా తక్కువే. పొగగొట్టాన్ని మూసి బండిని నిలవరించే ఎగ్జాస్టు బ్రేకులు భారీ డీసెలు బండ్లకు వచ్చినది ఈ లోపాన్ని పూడ్చడానికే. మార్పిడి చేసే మేస్త్రీ మంచివాడా కాదా అని తెలుసుకోవడానికి ఆ శూన్యపు పంపు సంగతి అడిగితే చాలునని నేను విద్యార్థులకు చెబుతుంటాను.

1973 చివర అరబ్బు దేశాలు చమురు సరఫరాను బిగించగా, పీపా ముడిచమురు ధర కొద్ది నెలలలోనే మూడు డాలర్లనుంచి పన్నెండు డాలర్ల దగ్గరకు ఎగబాకినది. మిగిలియున్న పెట్రోలు లారీలకు అది చివరిదెబ్బ. ఆ తరువాత జీపులకు, టాక్సీలకు కూడా డీసెలు ఇంజనులు వేయించడం ఊరూరా ఒక వృత్తి అయినది. దానికి ఊపిరి పోసిన ధరల తేడా మాత్రం శాశ్వతం కాలేదు. పెట్రోలు ధరపై అదుపును 2010లో, డీసెలుపై 2014లో ప్రభుత్వం ఎత్తివేసినది. ఈనాడు తేడా కొద్దిపాటిదే. కనుక ఇప్పుడు లెక్క వేసేవాడు ధరను ప్రక్కనపెట్టి, దక్షతనే నమ్ముకోవాలి.

నూనెఖర్చు లెక్కలలో ఎక్కని ఖర్చు మరొకటి ఉన్నది. సిలిండరులో చిమ్మిన నూనె బిందువులు ఒక్కొక్కటీ అంచులనుంచి మండుతూ లోపలికి పోతాయి. గాలి అందని చోట మసి మిగులుతుంది. పంపు అరిగిన పాత ఇంజను, మోతాదు మించిన బరువు కలిస్తే నల్లని పొగ. 2012లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ డీసెలు పొగను మానవులకు క్యాన్సరు కలిగించే పదార్థాల మొదటి తరగతిలో చేర్చినది. రాతిపొడి ఇప్పటికే ఊపిరితిత్తులకు బరువైన గని ప్రాంతంలో, ఆ పొగను పీల్చేది లారీ యజమానికంటె ముందు బండలెత్తే కూలీలు. యజమాని మిగుల్చుకొన్న లీటర్లలో వారికి వాటా లేదు.

ఢిల్లీలో సుప్రీంకోర్టు 1998లో ఇచ్చిన ఉత్తర్వువల్ల 2002 చివరికల్లా నగర బస్సులన్నీ డీసెలు వదిలి సహజవాయువుకు మారాయి. ఆ వాయువును మండించడానికి స్పార్కు ప్లగ్గు మరల అవసరమయినది. బొగ్గువాయువు రోజులలో పెట్రోలు ఇంజనును కాపాడిన నిప్పురవ్వే అది.

ఇప్పుడు పాత లారీకి ఇంజను మార్చదలచినవానికి చట్టం కూడా అడ్డువస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ విభాగం ప్రకారం వాహనంలో ఇటువంటి మార్పు చేయాలంటే రిజిస్ట్రేషను అధికారి అనుమతి పొంది, పుస్తకంలో నమోదు చేయించాలి. లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా పరిహారం చిక్కులో పడవచ్చు. 2020 ఏప్రిల్ నుంచి అమలైన భారత్ స్టేజ్-6 నియమాలవల్ల డీసెలులో గంధకం కిలోగ్రాముకు పది మిల్లీగ్రాములకు దిగినది. ఇంజనులోని పంపును ఇప్పుడు కంప్యూటరు నడుపుతుంది. పెర్కిన్స్ పి-6ను ఒక మేస్త్రీ, ఇద్దరు సహాయకులు, ఒక చైను కప్పీ ఉంటే చట్రంలో దించగలిగేవారు. నేటి ఇంజనును పాత చట్రంలో కూర్చోబెట్టాలంటే దానితోపాటు కంప్యూటరును, తీగల కట్టను, పొగగొట్టంలోని మసిజల్లెడను, యూరియా ద్రావణపు తొట్టిని కూడా తెచ్చుకోవాలి.